రోజూ ‘ఐ విల్ గెట్ అప్’ ఎందుకంటున్నారు? గడియారం, దినచర్య పాఠాలపై చర్చ

గోదావరిగట్టు | శుక్రవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. గడియారం చూసి సమయం చెప్పడం, ఆ తర్వాత తమ దినచర్యను వర్ణించడం అనే రెండు పాఠాలను ఈ వారం పూర్తి చేశాను. పూర్తి చేశాననడం కన్నా ఆ పేజీలు దాటాననడమే నిజం. అట్ట గడియారం ముళ్ళు తిప్పి అడిగితే తరగతిలో సగానికి పైగా పిల్లలు ‘ఇట్ ఈజ్ హాఫ్ పాస్ట్ సెవెన్’ అని తడుముకోకుండా చెబుతున్నారు. మీ రోజు గురించి ఐదు వాక్యాలు రాయండి అనగానే మాత్రం వస్తున్నవి ఇలా ఉన్నాయి:

‘డైలీ ఐ విల్ గెట్ అప్ సిక్స్ ఓక్లాక్. ఐ విల్ బ్రష్. ఐ విల్ కోమ్ మై హెడ్. మై మదర్ విల్ కుక్. ఈవెనింగ్ ఫైవ్ ఓక్లాక్ ఐ విల్ కమ్ టు హౌస్.’

ఒకరిద్దరు కాదు, దాదాపు అందరూ ప్రతి వాక్యంలోనూ ‘విల్’ పెట్టారు. నేను ఓపికగా అన్నీ కొట్టివేసి, ‘ఐ గెట్ అప్’ అనాలని చెప్పే సింపుల్ ప్రెజెంట్ సూత్రం నల్లబల్ల మీద రాయించి, పదిసార్లు చదివించాను. మర్నాడు కొత్తగా రాయించితే మళ్ళీ అదే ‘విల్’ వచ్చింది. సూత్రం అడిగితే అప్పజెబుతున్నారు, రాసేటప్పుడు దాన్ని పక్కన పెడుతున్నారు. ఈ పాఠం చెప్పి ఫలితం చూసినవారు ఎక్కడ మొదలుపెట్టారో తెలుపగలరు.

విభక్తి | శుక్రవారం, రాత్రి 10.25

మాస్టారూ, మీ పిల్లలు నిర్లక్ష్యంగా రాయడం లేదు, తెలుగును నమ్మకంగా ఇంగ్లీషులోకి తెస్తున్నారు. ‘నేను రోజూ ఆరింటికి లేస్తాను’, ‘నేను రేపు ఆరింటికి లేస్తాను’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. క్రియ ఒక్కటే. అలవాటుకూ, రేపటికీ మనం ఒకే ‘లేస్తాను’ వాడతాం, తేడా అంతా ‘రోజూ’, ‘రేపు’ అనే మాటల్లోనే ఉంటుంది. ‘లేస్తాను’ అంటే ‘విల్ గెట్ అప్’ అని మనమే ఒకనాడు నేర్పి ఉంటాం, పిల్లవాడు దాన్ని అన్నిచోట్లా వాడుకుంటున్నాడు.

దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మార్థకం అని మరొకటి చెప్పాడు. ‘పక్షి ఎగురును’, ‘చేప ఈదును’ అన్నప్పుడు అది నిన్నటి సంగతీ కాదు, రేపటి సంగతీ కాదు, ఆ ప్రాణి స్వభావం. ఇంగ్లీషువాళ్ళు ‘ప్రెజెంట్’ అని పేరు పెట్టి మనను తికమక పెట్టారు గాని, సింపుల్ ప్రెజెంట్ చేసే పని ఎక్కువగా ఈ తద్ధర్మానిదే. తెలుగు పాఠంలో తద్ధర్మ క్రియలు చెప్పిన ఉపాధ్యాయుడు మీ పక్క గదిలోనే ఉంటారు. ఆ వారమే మీరు దినచర్య పాఠం చెబితే సగం బరువు దిగుతుంది.

తరగతిలో చేయవలసింది చిన్నది. బల్ల మధ్యలో గీత గీసి ఒక పక్క ‘రోజూ’, మరో పక్క ‘రేపు’ అని రాయండి. మీరు తెలుగు వాక్యం చెప్పండి, అది ఏ పక్కకు చెందుతుందో పిల్లలు చెప్పాలి. ‘బస్సు ఎనిమిదింటికి వస్తుంది’ అన్నప్పుడు వాళ్ళు ‘రోజూనా, రేపా, ముందు అది చెప్పండి’ అని మిమ్మల్ని ఎదురు అడిగితే పాఠం తలకెక్కినట్టే. ఇంగ్లీషు ఆ తర్వాతే మొదలుపెట్టండి.

లెక్కల పంతులు | శనివారం, ఉదయం 6.40

నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాను, కానీ గడియారం మా సొత్తు కూడా కాబట్టి ఒక మాట. పిల్లలకు సమయం చెప్పడం వచ్చిందని గోదావరిగట్టు మాస్టారు అంటున్నారు. అట్ట గడియారంతో వచ్చింది సమయం కాకపోవచ్చు.

అట్ట గడియారంలో రెండు ముళ్ళూ ఒకే గుండీకి గుచ్చి ఉంటాయి, దేనికది విడిగా తిరుగుతుంది. ఏడున్నర చూపించాలంటే మనం పెద్దముల్లు ఆరు మీద, చిన్నముల్లు సరిగ్గా ఏడు మీద పెడతాం. అసలు గడియారంలో అటువంటి క్షణం ఎన్నడూ రాదు. చిన్నముల్లు గంటకు 30 డిగ్రీలు, అంటే నిమిషానికి అర డిగ్రీ జరుగుతుంది కాబట్టి ఏడున్నరకు అది ఏడుకూ ఎనిమిదికీ నడుమ ఉంటుంది. అట్ట మీద నేర్చుకున్న పిల్లవాడు గోడగడియారం దగ్గర నిలబెడితే తడబడేది ఇక్కడే. 7.55 అయినప్పుడు చిన్నముల్లు ఎనిమిదిని దాదాపు తాకుతుంది, వాడు ‘ఎనిమిదీ యాభై అయిదు’ అంటాడు. వాడి తప్పు ఇంగ్లీషులో లేదు.

పాత ఇనుప సామాను కొనేవాళ్ళ దగ్గర పాడైన గోడగడియారాలు దొరుకుతాయి. అది నడవనక్కరలేదు. వెనుక ఉన్న బొడిపె తిప్పితే రెండు ముళ్ళూ కలిసి తిరుగుతాయి, అదే చాలు. ఇంకొక గడియారంలో పెద్దముల్లు పూర్తిగా పీకేసి, చిన్నముల్లు ఒక్కటే ఉంచి, ‘సుమారుగా ఎంతయింది?’ అని అడుగుతాను. ‘ఏడు దాటింది’, ‘ఎనిమిది కావస్తోంది’ అంటారు. మీరు అక్కడే ‘జస్ట్ ఆఫ్టర్ సెవెన్’, ‘ఆల్మోస్ట్ ఎయిట్’, ‘అబౌట్ హాఫ్ పాస్ట్ సెవెన్’ చెప్పుకోవచ్చు. నిత్యజీవితంలో సమయం అడిగినవారికి మనం ఇచ్చే జవాబు ఎక్కువగా అటువంటిదే గదా.

ఇంట్లో ఫోను తప్ప గోడగడియారం లేని పిల్లలు ఇప్పుడు చాలామంది. వాళ్ళకు ‘నైన్ ఫార్టీ ఫైవ్’ తెలుసు, పావుతక్కువ పది తెలియదు.

పాలమూరు టీచరమ్మ | శనివారం, మధ్యాహ్నం 2.15

పంతులుగారు చివర అన్న మాట నిజం. మా ఊళ్ళో నాయనమ్మలు ‘పావుతక్కువ తొమ్మిది’ అంటారు, పిల్లలు నవ్వుతారు. కానీ ఆ మాట తెలిస్తే ఇంగ్లీషుకు ఎంత దగ్గరో చూడండి. ‘పావు తక్కువ తొమ్మిది’, ‘క్వార్టర్ టు నైన్’: వరుస కూడా ఒక్కటే. చిక్కు వచ్చేది దాటిన సమయం దగ్గర. మనం ‘తొమ్మిదింబావు’, ‘తొమ్మిదిన్నర’ అని గంట ముందు చెప్పి ముక్క తర్వాత కలుపుతాం, ఇంగ్లీషు ‘క్వార్టర్ పాస్ట్ నైన్’, ‘హాఫ్ పాస్ట్ నైన్’ అని ముక్కతో మొదలుపెడుతుంది. అందుకని నేను ‘టు’ ముందు చెప్పి ‘పాస్ట్’ తర్వాత చెబుతాను. పుస్తకాల్లో వరుస దీనికి తిరగబడి ఉంటుంది.

అసలు నేను చెప్పదలచింది వేరు. దినచర్య పాఠంలో ఉండే పిల్లవాడు లేవగానే పళ్ళు తోముకుని, షవరు కింద స్నానం చేసి, బల్ల దగ్గర రొట్టె, పాలు తీసుకుని, పసుపు రంగు బస్సు ఎక్కుతాడు. మా తరగతిలో పిల్ల లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, తమ్ముణ్ణి తయారుచేసి, చద్దన్నం తిని నడిచి వస్తుంది. ఆమెకు ఉన్న రోజుకు ఇంగ్లీషు మాటలు ఇవ్వకుండా, లేని రోజును వర్ణించమంటే ఆమె పుస్తకంలోది ఎక్కించి రాస్తుంది. అది దినచర్య ఎలా అవుతుంది? ‘ఐ స్వీప్ ద యార్డ్’, ‘ఐ స్ప్రింకిల్ వాటర్ అండ్ డ్రా ఎ ముగ్గు’, ‘ఐ గెట్ మై బ్రదర్ రెడీ’ అనేవి నేర్పడానికి పది నిమిషాలు చాలు. ముగ్గును ముగ్గు అనే రాయనివ్వండి.

‘మై మదర్ కుక్స్’లో ‘ఎస్’ రావడం లేదని మనందరి బాధ. నేను ఆ పాఠం చివర పిల్లల రోజు రాయించను, అమ్మ రోజు రాయిస్తాను. ఇంటికి వెళ్ళి అమ్మను ఎనిమిది ప్రశ్నలు తెలుగులో అడిగి, జవాబులు తెలుగులోనే రాసుకుని రావాలి. మర్నాడు తరగతిలో దాన్ని ఇంగ్లీషులో పెడతాం. అప్పుడు ప్రతి వాక్యంలోనూ ‘షీ’ వస్తుంది, ‘ఎస్’ తప్పించుకునే దారి ఉండదు. తెలుగులో ‘లేస్తాను, లేస్తాడు, లేస్తుంది’ అని మనిషిని బట్టి తోక మారుతూనే ఉంటుంది, ఇంగ్లీషు దాన్నంతా పోగొట్టుకుని ఒక్క ‘ఎస్’ మిగుల్చుకుంది అని చెబితే పిల్లలకు ఆ ‘ఎస్’ మీద జాలి కలుగుతుంది.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. కొన్ని ఇళ్ళ సంగతులు తరగతిలో చదవదగినవి కావు. ఎవరు చదవాలనుకుంటే వాళ్ళే చదవాలి.

రైన్ ఒడ్డున తెలుగు | శనివారం, రాత్రి 11.50

ఇక్కడ జర్మనీలో మా అమ్మాయి మూడవ తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో జర్మన్, ఇప్పుడు కొత్తగా ఇంగ్లీషు. ‘అర’ దగ్గర ఈ మూడు భాషలూ పోట్లాడుకోవడం చూసి నవ్వు వచ్చింది. జర్మన్‌లో ‘హాల్బ్ నోయిన్’ అంటే మాటకు మాట ‘అర తొమ్మిది’, కానీ దాని అర్థం ఎనిమిదిన్నర, తొమ్మిదికి అరగంట తక్కువ అని. బ్రిటన్‌వాళ్ళు వాడుకలో ‘పాస్ట్’ మింగేసి ‘హాఫ్ నైన్’ అంటే అది తొమ్మిదిన్నర. మా అమ్మాయి ఇంగ్లీషు టీచరు చెప్పిన సమయానికి గంట ముందు హాజరయ్యేది. చివరికి తెలుగే సాయం వచ్చింది. ‘ఇంగ్లీషువాళ్ళది మన తొమ్మిదిన్నర పద్ధతే’ అని ఒక్కసారి చెప్పాను, సరిపోయింది. అమెరికా వైపు బంధువులున్న పిల్లలకు అక్కడ ‘క్వార్టర్ ఆఫ్టర్ నైన్’ అనీ, పావుతక్కువకు కొందరు ‘క్వార్టర్ ఆఫ్ నైన్’ అనీ అంటారని కూడా చెప్పి ఉంచడం మంచిది.

ఇక్కడి తెలుగు పిల్లలకు వారాంతంలో నేను చేయించే పని ఒకటుంది. అమ్మమ్మకు ఇప్పుడు ఎంతయింది, ఆమె ఏం చేస్తూ ఉంటుంది అని అడుగుతాను. చలికాలంలో మాకూ ఇండియాకూ నాలుగున్నర గంటల తేడా. మార్చి చివరి ఆదివారం ఇక్కడి గడియారాలు గంట ముందుకు జరపగానే అది మూడున్నర అవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం మళ్ళీ నాలుగున్నర. ‘ఇట్ ఈజ్ ఎయిట్ హియర్. ఇట్ ఈజ్ హాఫ్ పాస్ట్ ట్వెల్వ్ దేర్. షీ యూజువలీ హ్యాజ్ లంచ్ ఎట్ ట్వెల్వ్, సో షీ ఈజ్ ప్రాబబ్లీ వాషింగ్ ద ప్లేట్స్’ అన్న పిల్లవాడికి అలవాటుకూ, ఈ క్షణంలో జరుగుతున్నదానికీ తేడా ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. వెంటనే అమ్మమ్మకు ఫోను చేసి నిజమో కాదో చూస్తారు. చాలాసార్లు ఆమె నిద్రపోతూ ఉంటుంది.

నైట్‌డ్యూటీ | ఆదివారం, సాయంత్రం 5.05

నేను హైదరాబాదులో విదేశాలకు వెళ్ళదలచిన నర్సులకు ఇంగ్లీషు శిక్షణ ఇస్తాను. నా విద్యార్థులు పాతికేళ్ళవాళ్ళు, డిగ్రీలు ఉన్నవాళ్ళు. వాళ్ళూ ఇదే ‘విల్’ తో వస్తారు. ‘మీ వార్డులో ఎనిమిది గంటల మందు ఎవరు ఇస్తారు?’ అని అడిగితే ‘ఐ విల్ గివ్’ అంటారు. వినేవారికి అది ఈరోజు తాను ఇస్తానని ఇచ్చిన మాటలా వినిపిస్తుంది, రోజూ చేసే పని అని వినిపించదు. కాబట్టి ఆరవ తరగతిలోనే ఆ ముడి విప్పండి మాస్టారూ, ఇరవై ఏళ్ళు పాతుకున్నాక పెరకడం కష్టం.

మా దగ్గర మరి కొన్ని చిక్కులు కనిపిస్తాయి. ‘రాత్రి నిద్ర పట్టలేదు’ అంటే మనకు నిన్న రాత్రి అని తెలిసిపోతుంది, ‘రాత్రి వస్తాడు’ అంటే ఇవాళ రాత్రి. క్రియ చూసి అర్థం చేసుకుంటాం. దాన్ని ‘నైట్ హి డిడ్ నాట్ స్లీప్’ అని ఇంగ్లీషులో పెడితే పరాయివాడికి తెలియదు, ‘లాస్ట్ నైట్’ అని, ‘టునైట్’ అని విడదీయాలి. ‘పొద్దున వచ్చాడు’ అన్నా అంతే, అది ‘దిస్ మార్నింగ్’. ఇక ‘మూడు పూటలా’ అనే మాటను ‘త్రీ టైమ్స్ ఎ డే’ అంటే సరిపోతుంది గాని, ‘ఎవ్రీ ఎయిట్ అవర్స్’ అనకూడదు. మన పూట భోజనాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఎనిమిది గంటలకోసారి అన్నప్పుడు ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అవుతాయి, అన్నంతో నిమిత్తం లేదు.

తెలుగు మనకు ఇచ్చిన వరం కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. ‘ఆరింటికి’, ‘ఆరింటికల్లా’, ‘ఆరింటిదాకా’, ‘ఆరింటినుంచి’, ‘ఆరింటి ప్రాంతంలో’ అనే ఐదు రూపాలకూ తేడా మన పసిపిల్లలకు కూడా తెలుసు. వరుసగా ‘ఎట్’, ‘బై’, ‘అంటిల్’, ‘ఫ్రమ్’, ‘అరౌండ్’ అని జత చేస్తే అయిపోతుంది. ‘బై’కీ ‘అంటిల్’కీ తేడా చెప్పడానికి పుస్తకాల్లో పేజీలు ఖర్చు పెడతారు, మనకు ‘కల్లా’, ‘దాకా’ అని రెండు మాటలు చాలు.

నల్లబల్ల | ఆదివారం, రాత్రి 8.30

పదవీ విరమణ చేసి పన్నెండేళ్ళయింది, ఇంకా ఇటువంటి చర్చ కనిపిస్తే ఆగలేను. విభక్తిగారితో నాకు ఒక పేచీ ఉంది. అలవాటుకు ‘విల్’ ఎన్నడూ రాదన్నట్టు పిల్లలకు నూరిపోయకండి. ‘హి విల్ సిట్ దేర్ ఫర్ అవర్స్’ అని ఇంగ్లీషువాళ్ళే అంటారు, అది ఆ మనిషి స్వభావం చెప్పే ‘విల్’. మన పిల్లల వాక్యం వింతగా ఉండేది ప్రతి పనికీ ‘విల్’ తగిలించడం వల్లనే. ఎర్రసిరాతో అన్నీ కొట్టేసే బదులు, అర్థం మారే చోట మాత్రమే ఆపి అడగండి.

రెండవది, ఈ పాఠం వర్ణనతో ఆగిపోవడం. తన రోజు గురించి ఐదు వాక్యాలు ఎవరి కోసం రాయాలి? మాస్టారికి ఆ సంగతులన్నీ తెలుసు, పక్కవాడికి అక్కరలేదు. ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన ప్రయోగంలో పిల్లల చేత వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా పనులు చేయించారు. రైళ్ళ వేళల పట్టిక చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, తరగతుల టైంటేబుళ్ళు చూసి ఒక ఉపాధ్యాయుడి టైంటేబులు కట్టడం అటువంటివి. ముందు తరగతి మొత్తంతో కలిసి ఒక పని, ఆ తర్వాత అటువంటిదే మరొకటి ఎవరికి వారు. మీకు ఆర్టీసీ బస్‌స్టాండు గోడ మీద పట్టిక ఉంది, దాన్ని ఫోనుతో ఫొటో తీయండి. ‘రవి బడి వదిలాక నాలుగున్నరకు బయల్దేరి, ఆరింటికల్లా రాజమండ్రి చేరాలి. ఏ బస్సు ఎక్కాలి? ఎందుకు?’ అని అడగండి. జవాబులో ‘లీవ్స్’, ‘రీచెస్’ అనే ‘ఎస్’లు వాటంతటవే రాలిపడతాయి. బస్సుకు ‘విల్’ ఎందుకు పెట్టలేదో అప్పుడు అడగండి, విభక్తిగారి తద్ధర్మం అక్కడ ఒంట బడుతుంది.

పెద్ద తరగతులకైతే రైలు టికెట్టు ఇవ్వండి. పన్నెండవ తేదీ 00.15కు బండి అని ఉంటే స్టేషనుకు ఏ రాత్రి వెళ్ళాలి? పదకొండవ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలని ఎంతమంది చెబుతారో చూడండి. నేను ఒకసారి ఈ లెక్క తప్పి, కుటుంబంతో సహా ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఆ తర్వాత ఏ విద్యార్థికీ ఈ పాఠం చెప్పకుండా వదలలేదు.

విభక్తి | ఆదివారం, రాత్రి 9.45

మాస్టారి సవరణ అంగీకరిస్తున్నాను, నేను ‘ఎన్నడూ’ అనలేదు గాని నా ధోరణి అలాగే ఉంది. మరొక సంగతి చెప్పడం మరిచాను. మొదటి టపాలో ఉన్న ‘కోమ్ మై హెడ్’ కూడా తెలుగే, మనం తల దువ్వుకుంటాం, ఇంగ్లీషువాళ్ళు జుట్టు దువ్వుకుంటారు. తలంటు పోసుకోవడాన్ని మనవాళ్ళు ‘హెడ్ బాత్’ అనేది కూడా ఆ కోవలోదే, బయటివారికి ‘వాష్ మై హెయిర్’ అంటేనే తెలుస్తుంది. ‘తోముకుంటాను’, ‘దువ్వుకుంటాను’, ‘కట్టుకుంటాను’ అన్నప్పుడు ఆ ‘కొను’ పని తనకోసమని చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా ‘మై’ చేస్తుంది: ‘బ్రష్ మై టీత్’, ‘టై మై హెయిర్’. ‘కొను’ కనిపిస్తే ‘మై’ కోసం వెతకండి అని చెబితే చాలాచోట్ల దారి దొరుకుతుంది. ‘పడుకుంటాను’ మాత్రం లొంగదు, అది ‘గో టు బెడ్’. అలాగే మెలకువ రావడం ‘వేక్ అప్’, పక్క మీద నుంచి లేవడం ‘గెట్ అప్’. చలికాలంలో ఈ రెంటి మధ్య ఎంతసేపు ఉంటుందో పిల్లలకే తెలుసు.

గోదావరిగట్టు | గురువారం, రాత్రి 8.55

అందరికీ కృతజ్ఞతలు. ఈ నాలుగు రోజుల్లో చేసినవి రాస్తున్నాను. సోమవారం ‘రోజూ, రేపు’ గీత గీశాను. మొదటి పది నిమిషాలు అది ఆటలా సాగింది, తర్వాత ‘వాన పడుతుంది’ అన్న వాక్యం దగ్గర తరగతి రెండుగా చీలిపోయింది. గోదావరి జిల్లా పిల్లలు కాబట్టి సగంమంది ‘రోజూ’ వైపే ఉన్నారు. మంగళవారం పాత గోడగడియారం దొరికింది, లెక్కల పంతులుగారు చెప్పినట్టే 7.55 దగ్గర, అంతవరకు అన్నీ సరిగా చెప్పిన పిల్లలు కూడా తప్పారు. అట్ట గడియారాన్ని బీరువాలో పెట్టేశాను.

అమ్మ రోజు నిన్న రాయించాను. ‘విల్’ పూర్తిగా పోలేదు, మూడో వంతు కాగితాల్లో ఇంకా ఉంది. ‘ఎస్’ మాత్రం నేను ఊహించనంతగా వచ్చింది, ‘షీ గోస్’, ‘షీ వాషెస్’, అత్యుత్సాహంతో ‘ఐ గోస్’ కూడా వచ్చింది. ఒక అమ్మాయి కాగితంలో తొమ్మిది వాక్యాలున్నాయి. ‘మై మదర్ గెట్స్ అప్ ఎట్ ఫోర్. షీ గోస్ టు బెడ్ ఎట్ ఎలెవెన్’ అని రాసి, కింద తెలుగులో ‘సార్, మధ్యలో కూర్చునేది ఎప్పుడో అమ్మకు గుర్తు రాలేదు, ఆ ప్రశ్న వదిలేశాను’ అని రాసింది. నేను దాన్ని దిద్దకుండా తిరిగి ఇచ్చేశాను.

ఒక సందేహం మిగిలింది. ‘సిక్స్ థర్టీ ఓక్లాక్’ అని చాలామంది రాస్తున్నారు, ఊళ్ళో బ్యానర్ల మీద కూడా అలాగే ఉంటోంది. దీనికి పిల్లలకు అర్థమయ్యే కారణం ఏమైనా చెప్పగలరా?

పాలమూరు టీచరమ్మ | గురువారం, రాత్రి 9.20

అది ‘ఆఫ్ ద క్లాక్’ కుదించుకుపోయిన మాట మాస్టారూ. అందుకే ఆ పైగుర్తు (అపాస్ట్రఫీ) ‘ఓ’ తర్వాత రావాలి, బ్యానర్ల మీద ఆరు అంకె పక్కన పెడుతున్నారు. గడియారం గంట కొట్టేది నిండు గంటకే గనుక ఓక్లాక్ కూడా నిండు గంటకే అని నేను చెబుతాను. అది చరిత్ర కాదు, గుర్తుండడానికి చెప్పే మాట. ఆరున్నరకు ఓక్లాక్ పెట్టినవాడిని ‘గంట కొట్టిందా?’ అని పిల్లలే అడుగుతారు.

ఆ అమ్మాయికి ‘షీ నెవర్ సిట్స్ డౌన్’ అనే వాక్యం నేర్పండి. ‘నెవర్’ క్రియకు ముందు వస్తుందని చెప్పడానికి మీకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.